సచిత్ర మార్గదర్శినితో నగరాన్ని చూడటం: వరంగల్, జనగామ ప్రాంతాల దుకాణాలు, చేతిపనులవారు

పాఠ్యభాగ నిర్మాణం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 మార్గదర్శినులు: చూపినవి, వదిలేసినవి
7.3 సచిత్ర మార్గదర్శినిలో బొమ్మ చేసే పని
7.4 మూడు ఉదాహరణలు
   7.4.1 పెంబర్తి ఇత్తడి పని
   7.4.2 కొత్తవాడ జంపఖానాలు
   7.4.3 చేర్యాల నకాషీ పటాలు
7.5 పుస్తకం చేతపట్టుకొని తిరగడం
7.6 బేరం, కూలి: ఒక లెక్క
7.7 మీ ఊరి పుట
7.8 సారాంశం
7.9 ముఖ్యపదాలు
7.10 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు
7.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:

• చేతిపనులవారిని చూపే మార్గదర్శినికీ, కట్టడాలను చూపే మార్గదర్శినికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• సచిత్ర మార్గదర్శినిలోని నాలుగు రకాల బొమ్మలను, వాటి ప్రయోజనాలను గుర్తించగలుగుతారు.
• పెంబర్తి, కొత్తవాడ, చేర్యాల పనులలో చేతితో చేసినదాన్ని ఎలా పోల్చుకోవాలో చెప్పగలుగుతారు.
• వస్తువు ధరలో పనివాడి కూలి ఎంతో లెక్క కట్టగలుగుతారు.
• మీ ఊరిలోని ఒక పనివారి గురించి ఒక పుట మార్గదర్శినిని స్వయంగా తయారు చేయగలుగుతారు.

7.1 పరిచయం

మీరు మహబూబాబాద్ జిల్లా గంగారంలో ఉంటారనుకుందాం. ఆదివారం సంపర్క తరగతుల కోసం కొత్తగూడ, నర్సంపేటల మీదుగా వరంగల్ వెళతారు. తరగతి అయ్యాక బస్సుకు ఇంకా రెండు గంటల సమయం ఉంది. ఏం చూస్తారు? ఎవరిని అడిగినా వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట, భద్రకాళి చెరువు అంటారు. అవన్నీ చూడదగ్గవే. కాని అదే నగరంలో ఒక సందులో మగ్గం ఆడుతూ ఉంటుంది. ఇంకొక సందులో ఒకాయన పాత్రలకు కళాయి వేస్తూ ఉంటాడు. ఆ రెండు సందుల పేర్లు మీకు ఎవరూ చెప్పరు. తెలియకపోవడం వల్ల మీకు పోయేది ఒక అనుభవం మాత్రమే. మీకు తెలియకపోవడం వల్ల ఆ పనివారికి పోయేది ఒక కొనుగోలుదారు.

ఈ పాఠంలో మనం తెలుసుకోవలసిన ప్రధాన విషయం ఇదే. ఒక వస్తువును ఎవరు చేశారో, ఎలా చేశారో తెలియనప్పుడు దాని విలువను ధర ఒక్కటే నిర్ణయిస్తుంది. అప్పుడు చేతితో మూడు రోజులు చేసిన వస్తువు, అచ్చుతో మూడు నిమిషాల్లో తీసిన వస్తువుతో ఒకే అలమరలో పోటీ పడవలసి వస్తుంది. పనిని, పనివారిని, పని జరిగే చోటును బొమ్మలతో చూపే మార్గదర్శిని ఈ పరిస్థితిని కొంత మార్చగలదు. సరిగా తయారు చేయకపోతే నష్టమూ చేయగలదు. ఈ రెండు సంగతులనూ మన ప్రాంతపు ఉదాహరణలతో పరిశీలిద్దాం.

7.2 మార్గదర్శినులు: చూపినవి, వదిలేసినవి

కొత్త చోటికి వెళ్ళేవారికి దారి, బస, చూడవలసిన విశేషాలు చెప్పే పుస్తకాన్ని మార్గదర్శిని అంటాం. తెలుగులో దీనికి దగ్గరి పూర్వరూపం ఏనుగుల వీరాస్వామయ్య రాసిన కాశీయాత్ర చరిత్ర. ఆయన 1830–31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్ళి వచ్చారు. ఆ యాత్రా విశేషాలు 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. మజిలీ చేసిన ఊళ్ళలో బసకు చోటు ఉందా, కావలసిన సరుకులు దొరుకుతాయా అన్న సంగతులను కూడా ఆయన రాసి పెట్టారు. అంటే ఊరిని గుడితోనే కాక అంగడితో కూడా గుర్తించారన్నమాట.

ఇంగ్లండులో జాన్ మర్రే సంస్థ ప్రయాణికుల చేతి పుస్తకాలను వరుసగా ప్రచురించింది. భారతదేశం మీద ఆ వరుసలోని తొలి సంపుటాలు 1859లో వచ్చాయి. హైదరాబాదు విషయానికి వస్తే సయ్యద్ అలీ అస్గర్ బిల్‌గ్రామీ 1927లో 'ల్యాండ్‌మార్క్స్ ఆఫ్ ది దక్కన్' ప్రచురించారు. నగరం, శివార్లలోని కట్టడాల గురించి తెలుసుకోవడానికి ఇది నేటికీ పనికివచ్చే పుస్తకం. ఇటువంటి పుస్తకాల దృష్టి ప్రధానంగా కట్టడాల మీద, వాటిని కట్టించిన ప్రభువుల మీద ఉంటుంది. కట్టినవారి పేర్లు వాటిలో అరుదు.

ఇందుకు మన ప్రాంతంలో ఒక మినహాయింపు ఉంది. పాలంపేటలోని రుద్రేశ్వరాలయాన్ని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ప్రజలు మాత్రం దానిని రామప్ప గుడి అనే పిలుస్తారు. రామప్ప ఆ గుడిని చెక్కిన శిల్పి అని జనశ్రుతి. కట్టించినవారి పేరు శాసనంలో ఉంది, పనివాడి పేరు జనం నోట నిలిచింది.

చేతిపనులను నేరుగా నమోదు చేసే ప్రయత్నాలు స్వాతంత్ర్యం తరవాత పెరిగాయి. 1961 జనాభా లెక్కలతో పాటు దేశవ్యాప్తంగా ఎంపిక చేసిన చేతివృత్తుల మీద ప్రత్యేక సర్వేలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్ సంపుటాలలోనూ అటువంటి భాగం ఉంది. ఆ తరవాత అహమదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ అధ్యాపకులు అదితి రంజన్, ఎం.పి.రంజన్ సంపాదకత్వంలో 'హ్యాండ్‌మేడ్ ఇన్ ఇండియా' అనే పెద్ద సచిత్ర గ్రంథం వచ్చింది. జయా జైట్లీ 'క్రాఫ్ట్స్ అట్లాస్ ఆఫ్ ఇండియా'ను రూపొందించారు. ఏ ప్రాంతంలో ఏ పని జరుగుతుందో తెలుసుకోవడానికి ఇవి మంచి ఆధారాలు.

అయితే ఇవి దేశాన్ని లేదా రాష్ట్రాన్ని ప్రమాణంగా తీసుకొన్న గ్రంథాలు. 'జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి పని' అన్నంత వరకు చెబుతాయి. ఏ వీధిలో తిరగాలి, ఏ వేళకు వెళ్ళాలి, ఎవరితో ఎలా మాట్లాడాలి అన్నవి చెప్పలేవు. పేరున్న కళకే వాటిలో చోటు దొరుకుతుంది. గంపలు అల్లే మేదరివారు, పుస్తకాలు కుట్టి అట్టలు వేసేవారు, బ్యాండు వాయిద్యాలు బాగు చేసేవారు వాటికి అందరు. ఆ ఖాళీని పూరించగలిగేది స్థానిక సచిత్ర మార్గదర్శిని. దానిని ఆ ప్రాంతం తెలిసినవారే తయారు చేయగలరు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. కాశీయాత్ర చరిత్రను మార్గదర్శినికి పూర్వరూపంగా ఎందుకు చెప్పవచ్చు?
2. దేశస్థాయి చేతివృత్తుల గ్రంథాలకు ఉన్న ఒక పరిమితిని రాయండి.

7.3 సచిత్ర మార్గదర్శినిలో బొమ్మ చేసే పని

బొమ్మ అంటే అలంకారం అనుకోకూడదు. మంచి మార్గదర్శినిలో బొమ్మలు నాలుగు రకాలుగా ఉంటాయి.

(అ) వస్తువు బొమ్మ: తయారైన వస్తువు ఎలా ఉంటుందో చూపుతుంది. చాలా పుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. అప్పుడు అది మార్గదర్శినిగా కాక అమ్మకపు జాబితాగా మిగులుతుంది.

(ఆ) పని బొమ్మ: వస్తువు ఏయే దశల్లో తయారవుతుందో వరుసగా చూపుతుంది. ధర ఎందుకు అంత ఉందో చదువరికి అర్థమయ్యేది ఈ బొమ్మల వల్లనే.

(ఇ) పనిముట్ల బొమ్మ: ఉలి, సుత్తి, పంజా, కుంచె వంటివాటిని స్థానిక పేర్లతో సహా చూపుతుంది. పనిముట్టుతో పాటు దాని పేరు కూడా మాయమైపోతుంది కాబట్టి ఈ బొమ్మకు భాషాపరమైన విలువ కూడా ఉంది.

(ఈ) దారి బొమ్మ: సందు, మలుపు, గుర్తు చూపే చిన్న పటం. ఇందులో ఉత్తరం ఎటో బాణం గుర్తుతో చూపాలి. గుర్తులుగా ఎంచుకొనేవి నిలకడగా ఉండేవి కావాలి. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు వరంగల్‌కు ఎన్నో ఏళ్ళు పెద్ద గుర్తుగా ఉండేది. అంత పెద్ద మిల్లే మూతపడినప్పుడు, టీకొట్టును గుర్తుగా పెట్టిన పటం ఎన్నాళ్ళు పనికి వస్తుంది? గుడి, మసీదు, బావి, బడి, పోచమ్మ గద్దె వంటివి ఇంతకంటే నమ్మదగిన గుర్తులు.

చేతిలో ఫోన్ ఉండగా గీసిన బొమ్మ ఎందుకని మీకు అనిపించవచ్చు. ఫొటో ఎదుట ఉన్నదాన్నంతా పడుతుంది. గీత అవసరమైనదాన్ని మాత్రమే తీసుకొంటుంది. రేకు మీద ఉలిని ఏ కోణంలో పెట్టారో చూపాలంటే చేయి, ఉలి, రేకు చాలు, వెనక ఉన్న సామాను అక్కరలేదు. ముఖం చూపకుండానే పనిని చూపవచ్చు. నలుపు తెలుపు అచ్చులో గీత చక్కగా కనిపిస్తుంది, ఖర్చూ తక్కువ. మరొక ముఖ్యమైన లాభం ఏమంటే, బొమ్మ గీయాలంటే మీరు అక్కడ అరగంట కూర్చోవాలి. ఆ అరగంటలో పనివారితో మాట కలుస్తుంది. ఫొటో తీసుకొని వెళ్ళిపోయేవారికి దొరకని సంగతులు మీకు తెలుస్తాయి. ఫొటోలు తీయకూడదని కాదు, ఫొటోతోనే సరిపెట్టుకోకూడదని దీని అర్థం.

7.4 మూడు ఉదాహరణలు

ఇప్పుడు మూడు పనులను మార్గదర్శినిలో ఎలా చూపాలో చూద్దాం. ప్రతి ఉదాహరణ ఒక్కొక్క కొత్త విషయాన్ని నేర్పుతుంది.

7.4.1 పెంబర్తి ఇత్తడి పని

పెంబర్తి జనగామ దగ్గర, హైదరాబాదు–వరంగల్ రహదారి మీద ఉన్న గ్రామం. ఇక్కడి విశ్వకర్మ కుటుంబాలు ఇత్తడి, రాగి రేకు పనికి పేరు పొందాయి. కాకతీయుల కాలంలో దేవాలయాల రథాలకు, విగ్రహాలకు లోహపు తొడుగులు చేసిన సంప్రదాయం తమదని ఇక్కడివారు చెప్పుకొంటారు. నిజాం కాలంలో పాన్‌దాన్‌లు, అత్తరు భరిణెలు చేశారు. ఇప్పుడు గుడి కలశాలు, ద్వారాల తొడుగులు, ధ్వజస్తంభాల తొడుగులు, సన్మానాలకు ఇచ్చే జ్ఞాపికలు చేస్తున్నారు. పెంబర్తి లోహపు పనికి భౌగోళిక గుర్తింపు, అంటే మనం వాడుకలో జీఐ ట్యాగ్ అనే గుర్తింపు ఉంది.

పని బొమ్మలో చూపవలసిన దశలు ఇవి:

1. రేకును కావలసిన కొలతకు కత్తిరిస్తారు.
2. రేకును కాల్చి చల్లారుస్తారు. సుత్తి దెబ్బలు తినే కొద్దీ లోహం గట్టిపడి పగిలే గుణం వస్తుంది. కాల్చితే తిరిగి మెత్తబడుతుంది. అందువల్ల పని మధ్యలో కూడా మళ్ళీ మళ్ళీ కాల్చవలసి వస్తుంది.
3. రేకు మీద నమూనా గీస్తారు.
4. లక్క, గుగ్గిలం వంటి పదార్థంతో చేసిన దిమ్మె మీద రేకును అతికిస్తారు. ఈ దిమ్మె దెబ్బకు లొంగుతుంది, అదే సమయంలో రేకు చిరగకుండా ఆపుతుంది.
5. వెనకవైపు నుంచి కొట్టి బొమ్మను ఉబ్బిస్తారు. ముందువైపు నుంచి సన్నని ఉలులతో వివరాలు చెక్కుతారు.
6. ముక్కలను అతికి, శుభ్రం చేసి, మెరుగు పెడతారు.

ఈ దశలు తెలిసినవారు దుకాణంలో వస్తువును చేతిలోకి తీసుకోగానే వెనకకు తిప్పి చూస్తారు. చేతితో కొట్టిన రేకు వెనక, ముందు ఉబ్బినచోటల్లా గుంట ఉంటుంది, సుత్తి గుర్తులు కనిపిస్తాయి. పోత పోసిన వస్తువు పరిమాణానికి మించిన బరువు ఉంటుంది. అచ్చుతో తీసినవి పక్కపక్కన పెడితే ఏ తేడా లేకుండా ఒకేలా ఉంటాయి. పోత, అచ్చు చెడ్డవని కాదు. వాటి ధర వేరు, చేతి రేకు పని ధర వేరు. దేని పేరుతో దేనిని అమ్ముతున్నారో కొనేవారికి తెలియాలి.

ఈ ఉదాహరణ నేర్పే విషయం: రహదారి మీద కనిపించే దుకాణం వేరు, ఊరి లోపలి పనిశాల వేరు. మార్గదర్శిని రెండింటినీ వేరువేరుగా చూపాలి.

7.4.2 కొత్తవాడ జంపఖానాలు

వరంగల్ నగరంలోని కొత్తవాడ నేతపనివారి పేట. ఇక్కడి జంపఖానాలకు, అంటే షత్రంజీలకు పేరుంది. వరంగల్ తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు కూడా వెళ్ళాయి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మొదట తివాచీకీ జంపఖానాకూ తేడా తెలుసుకోవాలి. తివాచీ మీద ముడులు వేసి కత్తిరించిన నూలు లేదా ఉన్ని కుచ్చు ఉంటుంది. జంపఖానాకు కుచ్చు ఉండదు. పడుగు పూర్తిగా కప్పుకుపోయేలా పేకను దగ్గర దగ్గరగా నేస్తారు. ప్రతి వరుసనూ పంజా అనే పళ్ళున్న పనిముట్టుతో దిగ్గొడతారు. చేతిమగ్గం మీద నేసిన జంపఖానాను రెండు వైపులా పరుచుకోవచ్చు. అంచు వెంబడి, రంగులు కలిసే చోట చేయి చేసిన చిన్న చిన్న తేడాలు కనిపిస్తాయి. వాటిని లోపాలుగా భావించి ధర తగ్గించమని అడగకూడదు. అవి మగ్గం మీద మనిషి ఉన్నాడనడానికి గుర్తులు.

చట్టం కూడా ఇక్కడ కొంత అండగా ఉంది. చేనేతకు కొన్ని రకాల వస్త్రాలను ప్రత్యేకించిన 1985 నాటి చట్టం కింది జాబితాలో జంపఖానా కూడా ఉంది. 2006లో కేంద్ర ప్రభుత్వం చేనేత గుర్తును, అంటే హ్యాండ్‌లూమ్ మార్కును ప్రవేశపెట్టింది. కొనేటప్పుడు ఆ గుర్తు ఉందేమో చూడండి. అయితే గుర్తు లేనంత మాత్రాన అది చేనేత కాదని తీర్మానించకండి. ఇంటి మగ్గం మీద నేసే చిన్న నేతకారుడి దగ్గర గుర్తు ఉండకపోవచ్చు.

కొత్తవాడ వంటి చోట అడగవలసిన ముఖ్యమైన ప్రశ్నలు రెండు: నూలు ఎవరిది? మగ్గం ఎవరిది? నేతరంగంలో కొందరు సొంత నూలుతో నేసి తామే అమ్ముకొంటారు. కొందరు సహకార సంఘం ఇచ్చే నూలుతో నేస్తారు. మరికొందరు వేరే యజమాని నూలు తెచ్చి, కూలికి నేసి ఇస్తారు. మీరు ఇచ్చే సొమ్ములో ఎంత ఎవరికి చేరుతుందన్నది ఈ రెండు ప్రశ్నల జవాబుల మీద ఆధారపడి ఉంటుంది.

ఈ ఉదాహరణ నేర్పే విషయం: మార్గదర్శిని వస్తువునే కాక ఉత్పత్తి సంబంధాలను కూడా చూపాలి.

7.4.3 చేర్యాల నకాషీ పటాలు

చేర్యాల పటాలను నకాషీ కుటుంబాలు చిత్రిస్తాయి. బట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూతలు పూసి ఆరబెడతారు. దాని మీద ఎర్రని నేపథ్యంతో కథను గళ్ళు గళ్ళుగా వేస్తారు. ఈ పటాలు మొదట గోడకు తగిలించుకోవడానికి పుట్టినవి కావు. కులపురాణాలు చెప్పే కథకులు వీటిని చేయించుకొనేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు అటువంటివారు. కథకుడు పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ, ఒక్కొక్క గడిని చూపుతూ కథ చెప్పేవాడు. పటాలు కొన్ని గజాల పొడవు ఉండేవి.

కథ చెప్పించుకొనే ఊళ్ళు తగ్గాయి. కథకుల నుంచి పటాల గిరాకీ కూడా తగ్గింది. ఇప్పుడు కొనేవారు ఎక్కువగా పట్టణాలవారు, పర్యాటకులు. వారి గోడలకు సరిపడేలా పటం ఒకటి రెండు గళ్ళకు కుదించుకుపోయింది. ముఖోటాలు, బొమ్మలు, తాళంచెవుల గుత్తులు కూడా చేస్తున్నారు. కొనేవాడు మారితే వస్తువు రూపం మారుతుందనడానికి ఇది చక్కని నిదర్శనం. అందుచేత మార్గదర్శినిలో చేర్యాల పుట చిన్న పటం బొమ్మతో సరిపెట్టకుండా, పొడవాటి పటాన్ని, దాని ముందు కథకుడిని కూడా చూపాలి.

ఈ పుటలో మరొక చిక్కు ఉంది. పాత పుస్తకాలన్నిటిలో చేర్యాల 'వరంగల్ జిల్లా' అని ఉంటుంది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు చేర్యాల సిద్దిపేట జిల్లాలోకి వెళ్ళింది. పెంబర్తి జనగామ జిల్లాలోకి, గంగారం మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చాయి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండగా, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్‌గా మారాయి. పని మారలేదు, ఊరు కదలలేదు, చిరునామా మాత్రం మారింది.

ఈ ఉదాహరణ నేర్పే విషయం: మార్గదర్శినిలోని ప్రతి పుట మీద దానిని పరిశీలించిన తేదీ ఉండాలి. తేదీ లేని పుటను నమ్మి ప్రయాణం కట్టవద్దు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. పెంబర్తి పనిలో రేకును మళ్ళీ మళ్ళీ ఎందుకు కాలుస్తారు?
4. తివాచీకీ జంపఖానాకూ ప్రధానమైన తేడా ఏమిటి?
5. చేర్యాల పటాల పొడవు తగ్గడానికి కారణం ఏమిటి?

7.5 పుస్తకం చేతపట్టుకొని తిరగడం

మార్గదర్శిని ఉన్నంత మాత్రాన చూడటం రాదు. ఈ కింది పద్ధతిని పాటించండి.

ముందు రోజు: ఒకే పేటను లేదా ఒకే పనిని ఎంచుకోండి. ఒక్క పూటలో పది చోట్లు తిరిగితే పది గుమ్మాలు చూసి రావడమే అవుతుంది. పుటలోని తేదీ చూడండి. పెళ్ళిళ్ళ కాలంలో, జాతరల ముందు పనివారికి తీరిక ఉండదు.

దారిలో: పుస్తకం చూపిన చోటనే ఆగిపోకండి. పక్క సందులో ఉన్నవారిని కూడా అడగండి. పుస్తకంలో ఒకరి పేరే ఉంటే గిరాకీ అంతా ఆ ఒక్క గుమ్మానికే చేరుతుంది, పక్కింటివారికి అదే మార్గదర్శిని నష్టం చేస్తుంది.

పనిశాలలో: 'అన్నా', 'అక్కా', 'పెద్దయ్యా' అని పలకరించి, మీరు ఎవరో, ఎందుకు వచ్చారో ముందే చెప్పండి. కొనడానికి కాదు, చదువుకోసం వచ్చామని చెప్పడంలో తప్పు లేదు. కొంటామని ఆశపెట్టి గంటసేపు కూర్చోబెట్టడమే తప్పు. బొమ్మకు, ఫొటోకు విడివిడిగా అనుమతి అడగండి. సొంత నమూనాలను ఇతరులు కాపీ చేస్తారన్న భయం పనివారికి ఉంటుంది. వద్దంటే కారణం అడగకుండా ఊరుకోండి.

తిరిగి వచ్చాక: అదే రోజు రాసుకోండి. గీసిన బొమ్మ నకలు ఒకటి పనివారికి ఇవ్వండి. తప్పులుంటే ముందుగా దిద్దగలిగేది వారే.

7.6 బేరం, కూలి: ఒక లెక్క

చేతితో చేసిన వస్తువును బేరమాడి కొనడం మనకు అలవాటు. ఆ బేరం ఎవరి మీద పడుతుందో ఒక లెక్కతో చూద్దాం. కింది అంకెలు లెక్క కోసం ఊహించుకొన్నవి మాత్రమే.

ఒక వస్తువు ధర 1,200 రూపాయలు. ముడిసరుకు, బొగ్గు, ఇతర ఖర్చులు 450 రూపాయలు. పని మూడు రోజులు పట్టింది.

కూలికి మిగిలేది: 1,200 – 450 = 750 రూపాయలు
రోజు కూలి: 750 ÷ 3 = 250 రూపాయలు

ఇప్పుడు మీరు 300 రూపాయలు తగ్గించి 900కు కొన్నారు. ముడిసరుకు అమ్మినవాడు తన ధర తగ్గించడు.

కూలికి మిగిలేది: 900 – 450 = 450 రూపాయలు
రోజు కూలి: 450 ÷ 3 = 150 రూపాయలు

ధరలో తగ్గింది నాలుగోవంతు, అంటే 25 శాతం. కూలిలో తగ్గింది 40 శాతం. బేరంలో తగ్గిన ప్రతి రూపాయీ పూర్తిగా కూలిలో నుంచే పోయింది. తండ్రికి రోజుకు 150 గిట్టే పనిని కొడుకు ఎందుకు నేర్చుకొంటాడు? చేతివృత్తులు అంతరించిపోతున్నాయని బాధపడే ముందు ఈ లెక్కను గుర్తు తెచ్చుకోవాలి.

దీని అర్థం అడిగినంతా ఇచ్చి రమ్మని కాదు. మధ్యలో దళారి ఉంటే మీరు ఇచ్చే ఎక్కువ ధర పనివారికి చేరకపోవచ్చు. అందుకే మార్గదర్శినిలో ధర ఒక్కటే రాయకూడదు. ఎన్ని రోజుల పని, ఏ ముడిసరుకు, ఎవరు అమ్ముతున్నారు అన్నవి రాస్తే చదువరి తానే లెక్క కట్టుకొంటాడు.

7.7 మీ ఊరి పుట

నగరంలోని దుకాణాలలో కనిపించే సరుకు అంతా నగరంలో పుట్టింది కాదు. గంపలు, చాటలు, చీపుర్లు, విస్తళ్ళు చాలావరకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, అడవి అంచు నుంచి వస్తాయి. కాబట్టి నగరపు మార్గదర్శిని మీ ఊరి దగ్గర మొదలు కావచ్చు. గంగారం వంటి మండలంలో వెదురు గంపలు అల్లేవారు, కొలిమి నడిపేవారు, వడ్రంగం చేసేవారు, మోదుగాకుల విస్తళ్ళు కుట్టేవారు ఎవరెవరు ఉన్నారో విచారించండి.

ఒక జాగ్రత్త అవసరం. చేతితో చేసిన ప్రతిదీ సరుకు కాదు. మేడారం జాతరకు పగిడిద్దరాజు గంగారం మండలంలోని పూనుగొండ్ల నుంచే బయలుదేరుతాడు. కోయవారి పడిగెలు, దేవుళ్ళకు సంబంధించిన ఇతర వస్తువులు వారి ఇలవేల్పులతో ముడిపడినవి. వాటిని గీయవచ్చా, రాయవచ్చా అన్నది పెద్దలు, పూజారులు చెప్పాలి. వారు వద్దన్నదాన్ని వదిలేయడం కూడా మంచి మార్గదర్శిని లక్షణమే.

మీ పుటకు ఈ నమూనాను వాడండి:

పని పేరు (స్థానికంగా పిలిచే పేరుతో):
ఊరు, వాడ, దగ్గరి గుర్తు:
పని జరిగే వేళలు, తీరిక లేని కాలం:
ముడిసరుకు, అది వచ్చే చోటు:
పనిముట్లు (స్థానిక పేర్లతో):
దశలు (మూడు నుంచి ఆరు బొమ్మలు):
ఒక వస్తువుకు పట్టే సమయం:
అమ్మకం (నేరుగా / సంఘం ద్వారా / వ్యాపారి ద్వారా):
మరమ్మతు చేస్తారా:
పేరు అచ్చు వేయడానికి అనుమతి (ఉంది / లేదు):
పరిశీలించిన తేదీ:

పనివారు పేరు వేయమంటే వేయండి, వద్దంటే పని పేరుతో, వాడ పేరుతో సరిపెట్టండి. 'మరమ్మతు చేస్తారా' అన్న వరుసను వదలకండి. కొత్తది కొనలేనివారు పాతదాన్ని బాగు చేయించుకోవడానికి వస్తారు. అటువంటి చదువరికి మీ పుటలో అన్నిటికంటే పనికివచ్చే వరుస అదే.

7.8 సారాంశం

మార్గదర్శినులు చాలాకాలం కట్టడాలను, వాటిని కట్టించినవారిని చూపాయి. చేతివృత్తుల గ్రంథాలు పేరున్న కళలను దేశస్థాయిలో నమోదు చేశాయి. సందులోని పనివారిని చూపగలిగేది స్థానిక సచిత్ర మార్గదర్శిని. అందులో వస్తువు బొమ్మతో పాటు పని, పనిముట్లు, దారి బొమ్మలు ఉండాలి. దుకాణాన్నీ పనిశాలనూ వేరుగా చూపాలని పెంబర్తి, నూలు ఎవరిదో మగ్గం ఎవరిదో అడగాలని కొత్తవాడ, పుట మీద తేదీ ఉండాలని చేర్యాల మనకు నేర్పుతాయి. బేరంలో తగ్గే ధర పనివారి కూలి మీద పడుతుంది. అనుమతి లేనిదాన్ని, పవిత్రంగా భావించేదాన్ని సరుకుగా చూపకూడదు.

7.9 ముఖ్యపదాలు

జంపఖానా: కుచ్చు లేకుండా నేసిన నూలు పరుపుడు బట్ట, షత్రంజీ.
పడుగు, పేక: మగ్గం మీద నిలువు నూలు పడుగు, అడ్డం నూలు పేక.
పంజా: పేక నూలును దిగ్గొట్టే పళ్ళ పనిముట్టు.
నకాషీ: పటాలు, బొమ్మలు చిత్రించే వృత్తివారు.
భౌగోళిక గుర్తింపు: ఒక ప్రాంతానికి చెందిన ప్రత్యేక ఉత్పత్తికి ఆ ప్రాంతం పేరుతో చట్టం ఇచ్చే రక్షణ. ఇందుకు సంబంధించిన చట్టం 1999లో వచ్చింది, 2003 నుంచి అమలులో ఉంది.

7.10 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు

1. మజిలీ ఊళ్ళలో బస, సరుకుల వంటి ప్రయాణికుడికి కావలసిన వివరాలు అందులో ఉన్నాయి.
2. సందు, వేళ, పద్ధతి వంటి స్థానిక వివరాలు ఇవ్వలేవు. పేరున్న కళలకే చోటిస్తాయి. (ఏదైనా ఒకటి)
3. దెబ్బలకు గట్టిపడిన లోహం పగలకుండా తిరిగి మెత్తబడటానికి.
4. తివాచీకి కుచ్చు ఉంటుంది, జంపఖానాకు ఉండదు.
5. కొనేవారు కథకుల నుంచి పట్టణవాసులకు, పర్యాటకులకు మారడం.

7.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సచిత్ర మార్గదర్శినిలోని నాలుగు రకాల బొమ్మలను ఉదాహరణలతో వివరించండి.
2. 'కొనేవాడు మారితే వస్తువు రూపం మారుతుంది.' చేర్యాల పటాల ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చేతితో చేసిన ఇత్తడి రేకు పనిని ఎలా గుర్తిస్తారు?
2. ఒక వస్తువు ధర 2,000 రూపాయలు, ఖర్చులు 800 రూపాయలు, పని నాలుగు రోజులు. కొనుగోలుదారు 400 రూపాయలు తగ్గిస్తే రోజు కూలి ఎంత శాతం తగ్గుతుంది? ఊహించిన ఈ అంకెలతో లెక్క చేసి మీ వ్యాఖ్య రాయండి.

III. క్షేత్రకార్యం
మీ ఊరిలో లేదా మండలంలో ఒక చేతిపనివారిని కలిసి, 7.7లోని నమూనా ప్రకారం ఒక పుట తయారు చేయండి. దానిని మొదట ఆ పనివారికే చదివి వినిపించండి. వారు దిద్దిన చోట్లను వేరే రంగు సిరాతో అలాగే ఉంచి, సంపర్క తరగతికి తీసుకురండి.